బ్రౌన్ వైరు

వైరు కాలిన వాసన మామూలు పొగ వాసన కాదు. తియ్యగా, ఘాటుగా గొంతుకి పట్టేస్తుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడు చేతివేళ్ళ మీద మళ్ళీ తగులుతుంది. మొన్న రాజమహేంద్రవరంలో మా షాపుకి ఒక స్కూలు వ్యానును తాడు కట్టి లాక్కొచ్చారు. బానెట్ ఎత్తగానే అదే వాసన. డ్రైవరు నేలచూపులు చూస్తూ, "నేనేం చేయలేదండి, దానంతటదే కాలిపోయింది" అన్నాడు. నేను బండి ముట్టుకోలేదు. అతనికి స్టూలు చూపించి, మంచినీళ్ళిచ్చి ఊరుకున్నాను. కాసేపటికి అతనే, "బ్యాటరీ బిగిస్తుంటే స్పానర్ జారి రెండు పోల్స్‌కీ తగిలిందండి" అని చెప్పాడు. బండి కంటే ముందు మనిషిని కూర్చోబెట్టాలని నాకు నేర్పినవారు దేవసహాయం మేస్త్రి గారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

రావులపాలెం సెంటరు దాటి అరటి మార్కెట్‌కి వెళ్ళే దారిలో ఆయన రేకుల షెడ్డు ఉండేది. జీపులు, వ్యాన్లు, గెలలు మోసే మినీ లారీలు, అన్నిటికీ కరెంటు పని చేసేవారు. లారీ క్లీనర్ని కూడా "ఏమండీ" అనే పిలిచేవారు. ఆదివారం మాత్రం ఎవరు బతిమాలినా షెడ్డు తెరిచేవారు కాదు. వాళ్ళ ఊరి లూథరన్ చర్చిలో గంట కొట్టేది ఆయనే. తొంభైలు ముగిసే రోజుల్లో, ఇంటర్ రెండుసార్లు తప్పి, కుట్టుమిషను మీద మనసు నిలవక, బండ్ల మోటార్లకి రాగి తీగతో కాయిల్స్ చుట్టే పనికి నేను ఆయన దగ్గర చేరాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మొదటి రోజే సన్న తీగ మూడుసార్లు తెంపాను. ఆయన విసుక్కోలేదు. "ఇంట్లో ఎవరితోనైనా గొడవపడి వచ్చావామ్మా?" అని అడిగారు. నిజమే, పడే వచ్చాను. "అయితే వెళ్ళి టీ తాగి రా. చేతిలో కోపం ఉంటే తీగ తెగుతుంది" అన్నారు.

రెండేళ్ళలో కాయిల్స్ నుంచి బానెట్ దాకా నన్ను తీసుకొచ్చారు. ఆడపిల్ల బండి కింద దూరడమేంటని కొందరు ఓనర్లు మొహం చిట్లించేవారు. "నాకంటే దాని చెయ్యి నిదానమండి" అని వాళ్ళకి చెప్పి, వైర్లో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ లాంపు నాకు అందించేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు పొంగిపోయేది.

ఒక ఎండాకాలం ఆయనలో మార్పు కనిపించింది. "ఈ వైరు ఏం రంగో చెప్పమ్మా, ఇక్కడ వెలుతురు చాల్లేదు" అనడం మొదలుపెట్టారు. నెత్తిన సూర్యుడు మండిపోతుంటే వెలుతురు చాలకపోవడమేంటి? ఒకరోజు స్క్రూ డ్రైవరు ఆయన కాళ్ళ దగ్గరే పడి ఉంటే, నేల మీద చేత్తో తడుముకోవడం చూశాను. ఆయనకు చాలా ఏళ్ళుగా షుగరు ఉంది.

"డాక్టరుకి చూపించుకోండి మేస్త్రి గారూ" అన్నాను.

"చూపించుకుంటాలే. ఇంట్లో మాత్రం అనకమ్మా. కరుణకి తెలిస్తే షెడ్డు మూయించేస్తుంది."

కరుణమ్మ గారు ఆయన భార్య. రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా బల్ల మీద కూర్చునేవారు. నాకూ ఒక ముద్ద పెట్టేవారు. ఆవిడకు చెప్పడానికి నాకు రోజూ అవకాశం ఉండేది. చెప్పలేదు. ఆయన మాట కోసం చెప్పలేదనుకునేదాన్ని. షెడ్డు మూతపడితే నేను మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చోవాలన్న భయం కూడా ఉందని అప్పుడు ఒప్పుకోలేదు. అలా ఏడు నెలలు గడిచాయి.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు సూర్రావు గారి మినీ లారీ వచ్చింది, నిండా గెలలతో. హారన్ మోగడం లేదు. సాయంత్రానికి లోడు నిడదవోలు చేరాలి. "పది నిమిషాలండి" అని మేస్త్రి గారు బ్యాటరీ కేబులు తీసి, తలను డాష్ బోర్డు కిందికి వంచారు. నేను బల్ల దగ్గర కాయిలు చుడుతున్నాను. రంగు చెప్పమని ఆయన అడగలేదు. పక్కన ఓనరు నిలబడి ఉన్నాడు కదా, అడగలేకపోయి ఉంటారు.

అక్కడ రెండు వైర్లు వేలాడుతున్నాయి. నల్లది హారన్ ఎర్తు, బండి బాడీకి బిగించాల్సింది. రెండోది బ్రౌన్ వైరు, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. మడ్డి పట్టి అదీ నల్లగానే ఉంది. ఆయన బ్రౌన్ వైరుకున్న టేపు విప్పి, దాన్నే ఎర్తు అనుకుని బాడీకి బిగించారు. లేచి వచ్చి బ్యాటరీ కేబులు తగిలించారు.

బుస్సుమని పొగ లేచింది. నేను పరుగున వెళ్ళి కేబులు ఊడబీకాను. అరచెయ్యి చురుక్కుమంది. అప్పటికే డాష్ బోర్డు కింద ప్లాస్టిక్ కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది. బండిలో ఒక్క లైటు కూడా వెలగడం లేదు.

"ఎవరు చేశారిది?" అని సూర్రావు గారు అరిచారు.

"నేనేనండి. పొద్దున్న వైరు నేనే తప్పు కలిపాను" అన్నాను. అది బండి రాకముందు మాటవుతుందని కూడా నాకు తట్టలేదు.

మేస్త్రి గారు నా వైపు తిరిగారు. సరిగ్గా నా వైపు కూడా కాదు, నా గొంతు వచ్చిన వైపు. "వద్దమ్మా" అన్నారు. తర్వాత సూర్రావు గారితో, "అమ్మాయి నా కోసం అబద్ధం చెబుతోందండి. కలిపింది నేను. నాకు నలుపుకీ బ్రౌనుకీ తేడా కనపడట్లేదు" అన్నారు.

"కళ్ళు కనపడనోళ్ళు బళ్ళు ముట్టుకోవడమేంటండి!"

"తప్పేనండి. నాలుగింటిలోపు బండి నడిపిస్తాం. చూసేది అమ్మాయి. చెప్పేది నేను."

సూర్రావు గారు తిట్టుకుంటూనే బల్ల మీద చతికిలబడ్డారు.

కాలిన బండికి కొత్త ఫ్యూజు వేసి చూద్దామనుకోవడం అందరూ చేసే పొరపాటు. మేస్త్రి గారు ముందు బాడీకి బిగించిన బ్రౌన్ వైరు విప్పించి, బ్యాటరీకీ కేబులుకీ మధ్య ఒక హెడ్ లైటు బల్బు కలపమన్నారు. లోపల ఇంకా షార్టు ఉంటే ఆ బల్బు భగ్గున వెలుగుతుంది. కరెంటంతా దాని గుండానే పోవాలి కాబట్టి ఇంకో వైరు కాలదు. కలిపాను. బల్బు తెల్లగా మండింది. ఆయన స్టూలు మీద కూర్చుని అరచెయ్యి బల్బుకి దగ్గరగా పెట్టుకున్నారు.

"హెడ్ లైట్ల వైరు తియ్యి."

తీశాను.

"వేడి తగ్గలేదు. వైపరుది తియ్యి."

తీశాను. తగ్గలేదు. స్టీరింగు వెనక వంపు దగ్గర నాలుగు వైర్లు కరిగి ఒకే ముద్దయిపోయాయి. బ్లేడుతో వాటిని ఒక్కొక్కటీ విడదీశాను. అప్పటికీ తగ్గలేదు. ఆ మధ్యాహ్నం కరుణమ్మ గారు క్యారేజీతో వచ్చారు. పొగ మరకలూ, ఖాళీగా చూస్తున్న భర్త కళ్ళూ, నా చెయ్యీ, అన్నీ చూసి క్యారేజీ పక్కన పెట్టారు. ఎవరమూ తినలేదు.

మీటరు వెనక బ్రౌన్ వైరు తొక్క ఊడి రేకుకి అతుక్కుని ఉంది. వేలితో మెల్లగా పైకి లేపాను. నేను తలెత్తి చూసేలోపే ఆయన గొంతు వినిపించింది.

"చల్లబడిందమ్మా."

బల్బు ఆరిపోయింది. కాలిన వైర్లు మార్చి, మిగతావి ఒక్కొక్కటే తిరిగి కలిపాం. నాలుగు దాటాక బండి స్టార్టయింది. హారన్ కూడా మోగింది. సూర్రావు గారు సీటెక్కి, కాసేపు ఆగి, "ముందు ఆస్పత్రికెళ్ళండి మేస్త్రి గారూ" అని వెళ్ళిపోయారు. మేస్త్రి గారు భార్య వైపు తిరిగి, "కరుణా, నాకు కనపడట్లేదు" అన్నారు. ఆవిడకు ఆ మాట మొదటిసారి చెప్పింది అప్పుడే.

రాజమండ్రిలో కంటి డాక్టరు, ఒక కన్ను పూర్తిగా పోయిందన్నారు, రెండోది కూడా ఎన్నాళ్ళో నిలవదన్నారు. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే ఒక్క కన్నయినా దక్కేదేమోనన్నారు. షెడ్డు మూతపడింది. నేను భయపడినట్టు కుట్టుమిషను దగ్గరికి వెళ్ళాల్సిన పని రాలేదు. ఆయనే నన్ను రాజమండ్రిలో తెలిసినవాళ్ళ షాపులో పెట్టించారు. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. "ఈ వారం ఏమొచ్చిందమ్మా?" అని అడిగేవారు. నేను చెబుతుంటే ఆయన వేళ్ళు ఒళ్ళో కదులుతూ ఉండేవి. మూడేళ్ళ తర్వాత ఆయన కిడ్నీలు పాడై చనిపోయారు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక కరుణమ్మ గారు నన్ను వసారాలో కూర్చోబెట్టుకున్నారు.

"ఆయన నాకు ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. హఠాత్తుగా ఆ బండి కాలిన రోజే చూపు తగ్గిందని, అంతకుముందు నీక్కూడా తెలీదని. నిజమేనా అమ్మా?"

తనకోసం నేనాడిన అబద్ధాన్ని ఒక్క క్షణం కూడా నిలవనివ్వని మనిషి, నాకోసం మూడేళ్ళు ఈ అబద్ధం ఆడుతూ వచ్చారు. అవునంటే సరిపోయేది. ఆవిడ నమ్మేవారు.

"కాదండి. ఏడు నెలల ముందే నాకు తెలుసు" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు.

"రోజూ వచ్చేదాన్ని కదమ్మా" అన్నారు. "రోజూ నీ పక్కనే కూర్చునేదాన్ని."