నా కాళ్లకెట్ల వచ్చింది?

పోయినేడు వరంగల్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒక అమ్మాయి జీన్స్ ప్యాంటు మీద గజ్జెలు కట్టుకుంది. ఫోన్లో డీజే బీట్ పెట్టి పేరిణి ఆడసాగింది. కాకతీయ సైనికులు యుద్ధానికి వెళ్లే ముందు ఆడేవారని చెప్పుకునే నాట్యమది.

ఎదుట కూర్చున్న పెద్దాయనకు కోపమొచ్చింది.

"పేరిణి మగోళ్ల ఆట బిడ్డా. గీ పాట పెట్టి ఖరాబు చేస్తానవ్. బంద్ చెయ్."

ఆమె ఆగలేదు.

"మగోళ్లదే అయితే నా కాళ్లకెట్ల వచ్చింది తాతా?" అని సౌండ్ ఇంకా పెంచింది. నేల అదిరేలా అడుగు వేసింది.

అందరూ ఆమెనే గుర్రుగా చూస్తున్నారు. నేను లేచి, నా సూట్‌కేసు పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చాను.

పెళ్లయ్యాక మానేసిన కూచిపూడిని ఆ నెలలోనే మళ్లీ మొదలుపెట్టాను. ఇంట్లో ఎవర్నీ అడగలేదు.