మామయ్య కట్టిన నడుమెత్తు గోడ

మా మామయ్యకి బోసిగోడ కనపడితే ఊపిరాడదు. గోడ పక్కన మొక్క ఉండి తీరాలి. సరే, మొక్క ఉందనుకోండి, దాని పక్కన ఓ రాయో, ఇటుకల గట్టో ఉండి తీరాలి. "దేనికైనా తోడుండాలిరా" అంటాడు. అన్నట్టు, ఆయన పెళ్ళి చేసుకోలేదు.

ఒకసారి ఆస్పత్రిలో ఉన్న పక్కింటాయన్ని చూడ్డానికి బయల్దేరి, అక్కడి ప్రహరీగోడ దగ్గరే ఆగిపోయాడు. ఈయన కదిలేలోపు రోగుల్ని చూసే వేళ దాటిపోయింది. ఇంటికొచ్చాక "ఎలా ఉంది?" అని అడిగితే, "పాపం, మరీ బోసిగా ఉంది. అడుగున నాలుగు పొదలు పెడితే కోలుకుంటుంది" అన్నాడు. పక్కింటాయన పొదల్లేకుండానే కోలుకున్నాడు.

ఆయన ఇంట్లో మెట్ల సందుల్లో మొక్కలు, పంపు చప్టా చుట్టూ మొక్కలు, కరెంటు మీటరు మీద తీగ. రీడింగు తీసేవాడు వచ్చినప్పుడల్లా ఏడుపు మొహం పెట్టేవాడు.

"మీటరెక్కడండీ?"

"ఆ ఆకుల వెనక చూడు నాయనా."

"పోయినసారి ఎర్రపువ్వుల వెనక అన్నారు!"

"అవి రాలిపోయాయి. అంతమాత్రాన మీటరెక్కడికి పోతుంది?"

ఇలాంటి మనిషి చేతికి మేం గోడ కట్టే పని అప్పగించాం. మా తెలివితేటలు అలాంటివి.

అమ్మ పోయాక నేనూ అన్నయ్యా ఇల్లు చెరి సగం చేసుకుని, ఒకే వాకిట్లోకి రెండు గుమ్మాలు పెట్టుకున్నాం. గేటు గొళ్ళెం ఎవరు వెయ్యలేదన్న మహత్తరమైన విషయం మీద మాటా మాటా పెరిగి, చివరికి మాటల్లేకుండా పోయాయి. ఎదురుపడితే ఇద్దరం ఆకాశం కేసి చూసేవాళ్ళం. వదినా, మా ఆవిడా మాత్రం వంటింటి కిటికీల్లోంచి మా ఇద్దర్నీ కలిపి తిట్టుకుంటూ హాయిగా ఉండేవారు.

వాకిలి మధ్యలో గోడ కట్టాలన్న ఒక్క విషయంలోనే మా అన్నదమ్ములకి ఏకాభిప్రాయం. విడివిడిగా వెళ్ళి మామయ్యకే ఒకే మాట చెప్పాం.

"వాడి మొహం నాకు కనపడకూడదు మామయ్యా!"

"నేను చూసుకుంటాగా."

మేస్త్రి చేత రెండు వరసల ఇటుకగోడ లేపించి, మధ్య ఖాళీలో మట్టి నింపించి, మొక్కలు నాటించాడు. తీరా చూస్తే గోడ నడుమెత్తే ఉంది. తిన్నగానూ లేదు. మధ్యలో వంకర తిరిగింది. ఆ వంకరలో అటొకటీ ఇటొకటీ రాతి అరుగులు.

"మామయ్యా, అన్నయ్య మొహం నడుం పైన కదా ఉంటుంది!"

"మిగతాది మొక్కలు చూసుకుంటాయిరా. పెరిగాయంటే చీమ కూడా కనపడదు."

"ఎప్పటికి పెరుగుతాయి?"

"నీళ్ళు పోస్తే తొందరగా. పొయ్యకపోతే వాడి మొహం చూస్తూ కూర్చో."

మల్లెకీ గులాబీకీ తేడా పువ్వు పూస్తేగానీ తెలియని వాణ్ణి, పొద్దున్నే బకెట్ పట్టాను. అవతలి నించి అన్నయ్య కూడా అంతే ద్వేషంతో పోశాడు. ప్రపంచంలో ఏ మొక్కకీ ఎవరూ అంత కసిగా నీళ్ళు పోసి ఉండరు. ఆకులు పసుపురంగుకి తిరిగి రాలడం మొదలెట్టాయి. మామయ్య వచ్చి మట్టిలోకి వేలు గుచ్చి చూశాడు.

"చెరువు చేశారు కదరా! ఒకరోజు నువ్వు, ఒకరోజు వాడు పొయ్యండి."

"ఏ రోజు ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"నోరుందిగా."

మర్నాడు నేను వెళ్ళేసరికి అన్నయ్య తన అరుగు మీద కూర్చునున్నాడు. "ఇవాళ పోసేశాను" అన్నాడు, గోడతో. "సరే" అన్నాను, నేనూ గోడతోనే. పాపం, తర్వాత ఆ గోడ వినని కబుర్లు లేవు. ముందు నీళ్ళ సంగతి. తర్వాత మొక్కలకి పట్టిన చీడ. ఆ తర్వాత అన్నయ్యకి ఆఫీసులో పట్టిన కొత్త మేనేజరు. ఎండలు ముదిరేసరికి కాఫీ కప్పులు గోడ మీదే పెట్టుకుంటున్నాం. పంతం మాత్రం ఎవరం వదల్లేదు. గోడ పూర్తిగా మూసుకోవాల్సిందేనని ఇద్దరం అనుకుంటూ, మొక్కలు పెరగకపోతే ఇద్దరం కలిసి బెంగపడ్డాం.

ఓ ఆదివారం ఎరువు కొనడానికి వెళ్ళిన అన్నయ్య మండిపోతూ వచ్చాడు.

"ఒరేయ్, నర్సరీవాడు నవ్వాడ్రా! ఇవి జానెడు దాటి పెరిగే జాతి కాదట!"

"అంటే మామయ్య మనల్ని మోసం చేశాడా?"

"బండెక్కు, అడిగేద్దాం."

దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇద్దరం ఒకే స్కూటర్ మీద వెళ్ళాం. మామయ్య వాకిట్లో మట్టి తవ్వుతున్నాడు. "చీమ కూడా కనపడదన్నావు!" అని అరిచాడు అన్నయ్య. మామయ్య మమ్మల్నీ స్కూటర్నీ మార్చి మార్చి చూశాడు.

"మా అక్క వాకిట్లో నిలువెత్తు గోడ కడతాననుకున్నార్రా, వెధవల్లారా?" అన్నాడు మెల్లిగా.

అంతలోనే చేతుల మట్టి దులుపుకున్నాడు. "ఎలాగూ వచ్చారు, ఆ బండరాయిని మందారం పక్కకి జరపండి. ఒక్కడి వల్ల కావటం లేదు."

అన్నయ్య చొక్కా చేతులు మడిచాడు. "నువ్వటు పట్టుకోరా. వేళ్ళు జాగ్రత్త."

ఇద్దరం రొప్పుతూ జరిపాం. మామయ్య నాలుగడుగులు వెనక్కి వేసి, తల అటూ ఇటూ వంచి చూసి పెదవి విరిచాడు.

"ఊహూ. ముందున్న చోటే బాగుందిరా."

మళ్ళీ ఎత్తాం.