బంట్రోతు వంశంలో కవి

ప్రొద్దుటూరులో మా బట్టల అంగట్లో నాతో పాటు చీరలు చూపించే షంషుద్దీన్ కవి. నలభై అయిదేళ్ళ మనిషి. బేరం కుదరక ఆడవాళ్ళు లేచిపోతే మేమంతా లోలోపల తిట్టుకుంటాం. అతను మాత్రం విప్పిన చీరలు మడతపెడుతూ ఏదో గొణుక్కుని, సాయంత్రానికి దాన్ని ఫోన్లో కవితగా పెట్టేస్తాడు. కోస్తా వాళ్ళెవరైనా బాగుందని రాస్తే ఇక రెండు రోజులు కాలు నేల మీద నిలవదు. ఆ పిచ్చికి నవ్వేవాణ్ణే గానీ, మనిషంటే నాకు ఇష్టమే.

పోయిన ఏడాది బందరు నుంచి పిలుపు వచ్చింది. సముద్రం ఒడ్డున కవిసమ్మేళనం. పాత రేవు, అక్కడ దిగిన తెల్లవాళ్ళు, వాళ్ళు పోయాక మనకు మిగిలిందేమిటి, ఇదీ విషయం. తల్లి అఖ్తర్ బీ సముద్రం చూడలేదని వెంట తీసుకెళ్ళాడు. ఆమెకు తోడుగా నన్నూ లాక్కుపోయాడు. పొద్దున డచ్చివాళ్ళ సమాధులు చూపించారు. కవులందరూ ఫోటోలు దిగుతుంటే అఖ్తర్ బీ కొంగు తల మీదికి లాక్కుని ఆ రాళ్ళకు సలాం చెప్పింది. ఎవరైతే ఏంది, పోయినోళ్ళు గదా అంది నాతో.

తర్వాత ఒడ్డున వేసిన షామియానా కింద షంషుద్దీన్ చదివాడు.

పెన్న ఒడ్డున మా తాత నేసిన తాను
నీ అలల మీదెక్కి పోయింది సముద్రమా,
మా తాత మాత్రం
మగ్గం గుంతలోనే మిగిలిపోయాడు.

చప్పట్లు మోగిపోయాయి. మల్లేశ్వరరావు గారని, ఆ దగ్గరి ఊళ్ళో మగ్గం నేసే పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి షంషుద్దీన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. మీదీ మాదీ ఒకటే బతుకు నాయనా, మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే షంషుద్దీన్ వంశంలో మగ్గం ఎక్కినవాడు లేడు.

వాళ్ళ ముత్తాత తాత జమ్మలమడుగులో తెల్లవాళ్ళ కుంపిణీకి బంట్రోతు. ఇది అఖ్తర్ బీ నాకు ఎప్పుడో చెప్పింది. కుంపిణీ వాళ్ళు నేతగాళ్ళకు బయానా ఇచ్చి, మగ్గం మీంచి తాను దిగేదాకా అరుగు మీద బంట్రోతును కూర్చోబెట్టేవాళ్ళట. వాడి తిండి ఆ ఇంటివాళ్ళే పెట్టాలట. ఒక ఇంట్లో గింజలు నిండుకుంటే పిల్లలకు కాచిన గంజి తెచ్చి ఇతనికి పోశారు. తాగేశాడు. సంగతి తెలిసిన అతని పెళ్ళాం, నా కడుపున పుట్టినవాళ్ళెవరూ నేతగాళ్ళ ఇంట్లో మెతుకు ముట్టరాదని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు ఇప్పటికీ నడుస్తోంది. నేతగాళ్ళు పెళ్ళికి పిలిస్తే పోతారు, చదివింపులు చదివిస్తారు, తినకుండా వచ్చేస్తారు. కారణం చెప్పుకోలేరు గనక పొగరుబోతులనిపించుకుంటారు.

ఆటోలో షంషుద్దీన్ చెవిలో అడిగాను, ఏంది ఈ అబద్ధమని.

"కవిత్వం మామా, కోర్టు సాక్ష్యమా? బంట్రోతు మనవడి గోడు ఎవురింటారు?" అన్నాడు. అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

మల్లేశ్వరరావు గారి ఇంట్లో ముందు గదంతా మగ్గమే. పక్కన చాప పరిచి విస్తళ్ళు వేశారు. మాంసం దగ్గర వీళ్ళకు హలాల్ పట్టింపు ఉంటుందని ఆలోచించి ఆ ఇంటావిడ చేపల పులుసు చేసింది, గోంగూర నూరింది. షంషుద్దీన్ అప్పటికే అన్నం కలిపేశాడు. అఖ్తర్ బీ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆకలి లేదమ్మా, మంచినీళ్ళు కూడా వద్దు అంది. ఇంటావిడ బతిమాలింది. పండైనా తినమంది. అఖ్తర్ బీ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

ఇంటావిడ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మా ఇంట్లో తినకూడదాండీ? మీ అబ్బాయి కవిత విని, మీదీ మాదీ ఒకటే బతుకని మావారు ఇందాకే కదండీ చెప్పారు" అంది. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది.

నిజం చెబితే కవిత పోతుంది. చెప్పకపోతే తల్లి మర్యాద పోతుంది. షంషుద్దీన్ కలిపిన ముద్దను వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెప్పరా అని నేను మోకాలితో పొడిచాను. నోరు తెరిచాడు, మల్లేశ్వరరావు గారి ముఖం చూసి మళ్ళీ మూసుకున్నాడు. మనిషి అంత సిగ్గుపడుతూ కూడా మాట్లాడకుండా ఉండగలడని నాకు అప్పుడే తెలిసింది.

అఖ్తర్ బీ కొడుకును కాసేపు చూసింది. తర్వాత విస్తరి మీది నుంచి చెయ్యి తీసేసింది.

ఇంటావిడ ముఖం విప్పారింది. కొసరి కొసరి వడ్డించింది. మీ ఇంట్లో ఇప్పుడు మగ్గం ఉందా అమ్మా అని అడిగింది. అఖ్తర్ బీ తల ఎత్తకుండానే, ల్యాదమ్మా, ఎప్పుడో పాయె అంది. ఆమె అబద్ధమాడగా నేను ఎన్నడూ వినలేదు. షంషుద్దీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మల్లేశ్వరరావు గారు అది మగ్గం పోయిన దుఃఖమనుకుని అతని వీపు నిమిరాడు. ఆ నిమరడం చూడలేక నేను చెయ్యి కడుక్కోను లేచాను.

తిరుగు బస్సు విజయవాడ దాటింది. తల్లీకొడుకులు వాళ్ళలో వాళ్ళు ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. షంషుద్దీన్ ఉర్దూలో ఏదో బతిమాలాడు, ఒక్క మాట తిట్టమనే అయి ఉంటుంది. నాకూ వినపడాలనుకుందో ఏమో, ఆమె తెలుగులో జవాబిచ్చింది.

"శానా బాగుండ్య పులుసు. ఆ యమ్మ మళ్ళా మళ్ళా ఏస్తాంటే వద్దనలేక తింటి. మనోడు గూడా ఆ పొద్దు గంజి ఇట్లనే తాగింటాడు ల్యా, నోరు మూసుకోని."