మా అత్త అన్న సాకు

ఆ రోజుల్లో నేను బక్కగా ఉండేవాణ్ణి, నా వాక్యాలే లావుగా ఉండేవి. ఒక చిన్న సినిమాకు మాటలు రాసే అవకాశం మొదటిసారి దొరికింది. (పోస్టరు మీద నా పేరు చీమంత. ఆ చీమను మా నాన్న వచ్చినవాళ్లందరికీ వేలుపెట్టి చూపించేవాడు.) ఇది గట్టెక్కితేనే రెండో సినిమా నాకిస్తానని డైరెక్టరు ముందే చెప్పాడు. ఆయనది కోస్తా. షూటింగు మాత్రం మా నారాయణఖేడ్‌లో.

ఆఖరి రోజు తల్లి వేషం వేయాల్సినావిడ రాలేదు. హీరో సాయంత్రానికి ఇంకో షూటింగుకు వెళ్లిపోవాలి. దిక్కుతోచక, బజార్లో కిరాణా కొట్టు నడిపే మా మేనత్తను పట్టుకొచ్చాను. మాది ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబం. "నాకేమొస్తదిర? ఏం జెయ్యాలె?" అంది. "ఏం మాట్లాడొద్దత్తా. కొడుకు ఏండ్ల తర్వాత ఇంటికొస్తడు, ఎందుకు రాలేదో చెప్తడు. నువ్వు విని ఏడువు, అంతే."

హీరో ఆమె కాళ్ల మీద పడి, నేను రాసిన రెండు పేజీలు అందుకున్నాడు. "అమ్మా! కాలమనే కడలిలో కన్నీటి కెరటమై..." మొదటి పేజీ దాటేసరికి అత్త ఆవులించింది. రెండో పేజీ సగంలో చెయ్యెత్తి "సాకు!" అని గట్టిగా అరిచింది. కన్నడంలో ఆ మాటకు 'చాలు, ఇక ఆపు' అని అర్థం. మా డైరెక్టరుకు తెలిసింది తెలుగు సాకే. "అదిరిందండీ! కొడుకు చెప్పేవన్నీ వట్టి సాకులేనని ఒక్క మాటతో తేల్చేశారు. ఇదే ఉంచుదాం!" అని కళ్లు తుడుచుకున్నాడు. అంత ఆనందాన్ని అనువదించడానికి నాకు మనసొప్పలేదు.

సినిమా విడుదలయ్యాక ఖేడ్ థియేటర్లో అత్త, డైరెక్టరు, నేను పక్కపక్కనే కూర్చున్నాం. కన్నడం మాట్లాడే కంగ్టి వైపు నుంచి జనం బాగానే వచ్చారు. చాలాసేపు హాల్లో చడీచప్పుడు లేదు. తెర మీద అత్త "సాకు!" అనగానే హాలంతా లేచింది. "సాకు! సాకు!" అంటూ ఒకటే ఈలలు, చప్పట్లు.

"చూశారా! డైలాగు పట్టేశారు!" అని డైరెక్టరు నా భుజం కుదిపేశాడు.

"గది మెచ్చుకునుడు గాదు బిడ్డా," అంది అత్త. "మా భాషల సాకంటె ఇగ చాలని. ఆల్లు సినిమనే ఆపుమంటుండ్రు."

ఆయన ముఖం పాలిపోయింది. నా రెండో సినిమా అక్కడే పోయిందనుకున్నాను. ఆయన అత్త వైపు తిరిగి, "అంటే ఆ రోజు మీరు నటించలేదా అమ్మా?" అనడిగాడు.

"నటనేంది? అమ్మ ముంగట ఏ కొడుకన్న గిన్ని మాటలు జెప్తడా? తలకాయ దించుకోని, 'అన్నముందా అమ్మా' అంటడు."

ఆయన పడీపడీ నవ్వి, నా వైపు తిరిగాడు. "సినిమా మొత్తంలో జనం అందుకున్నది ఒక్క మాట, అదీ మీరు రాసింది కాదు. రెండోది కూడా మీరే రాయండి. కానీ మీ అత్త కొట్లో కూర్చుని రాయండి" అన్నాడు.

రాశాను. అదీ ఆడలేదు గానీ, ఎవరూ ఆపమని అరవలేదు. (మా వృత్తిలో దీన్నే అభివృద్ధి అంటారు.) ఇప్పుడు మూడోది నడుస్తోంది. మాటలు మరీ పొట్టిగా ఉన్నాయని హీరో గొణుగుతున్నాడు. దారి అడగడానికైనా అరపేజీ పట్టే ఆనాటి కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి వాక్యాలన్నీ కొట్టేయాలనిపిస్తుంది. వాణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, "చెప్పరా, ఇంకా చెప్పు" అనాలనిపిస్తుంది.