తోడక్క మానేసిన మూడు వారాలు

ఆ నాలుగు వీధుల్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ తోడక్కే. ముప్పై నాలుగేళ్ల కిందట పక్కింటావిడ, మొగుడు విరగ్గొట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "ఒక్కదాన్నే వెళ్తే మెట్ల మీంచి పడ్డానని డాక్టరుకి చెప్పేస్తాను, కాస్త తోడు రావూ" అని అడిగితే కుట్టుమిషను ఆపి వెళ్లింది. ఆ వెళ్లడం ఇక ఆగలేదు. ఆసుపత్రికి, పోలీసు స్టేషనుకి, పిల్ల చదువు మాన్పించొద్దని చెప్పించడానికి హెడ్మాస్టరు దగ్గరికి. ఎవరైనా మెచ్చుకోబోతే, "వాదించేది వకీలు, కట్టు కట్టేది డాక్టరు. నేను బల్ల మీద కూర్చుంటానంతే" అనేది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని. మొగుడు గడియారాలు బాగుచేస్తాడు.

ఒక ఏడాది ఆమె మోకాళ్లు మొరాయించాయి. అయినా బేకరీలో పనిచేసే ఒకావిడ, కొడుతున్నాడని మొగుడి మీద పెట్టిన కేసు కోసం, పదకొండు నెలల్లో ఎనిమిది వాయిదాలకు కోర్టు మూడో అంతస్తు దాకా ఎక్కింది. తొమ్మిదో వాయిదా నాడు బేకరీ ఆవిడ మొగుడితోనే కలిసి వచ్చింది. అతను మంచినీళ్లకని అటు వెళ్లగానే నెమ్మదిగా అంది.

"కేసు వెనక్కి తీసుకుంటున్నానక్కా."

"బెదిరించాడా?"

"లేదు. నన్నేమీ అడక్కు. నువ్వు ఇంటికెళ్లు."

తోడక్క వాదించలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కోపం కూడా రాలేదు. ఒళ్లు మాత్రం ఉతికి పిండేసిన బట్టలా ఉంది. ఇన్నేళ్లలో ఇలా వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

"ఇక నావల్ల కాదు. మానేస్తున్నాను" అంది ఇంటికొచ్చి.

"పోయినేడూ మానేశావుగా, రెండు రోజులు" అన్నాడు మొగుడు, కంటికున్న భూతద్దం తియ్యకుండానే. తర్వాత తలెత్తి ఆమె మొహం చూశాడు. భూతద్దం తీసేసి టీ పెట్టడానికి లేచాడు.

ఈసారి నిజంగానే మానేసింది. ఎవరొచ్చినా, "మహిళా సహాయ కేంద్రానికి వెళ్లమ్మా, అక్కడ చదువుకున్న పిల్లలున్నారు" అని పంపించేసింది. ఆదివారాలు కూతురింటికి వెళ్లి, మాటల మధ్యలోనే సోఫాలో నిద్రపోయేది. "ఊరందరికీ తోడు వెళ్లావు, ఇన్నాళ్లకి నాకు దొరికావు. దొరికీ నిద్రేనా" అని కూతురు విసుక్కుంటూనే దుప్పటి కప్పేది.

నాలుగో వారం మొదట్లో ఒక మధ్యాహ్నం బేకరీ ఆవిడ కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. పదమూడేళ్ల పిల్ల.

"పెద్దమ్మా, నాకు హాస్టలు బడిలో సీటొచ్చింది. కేసు తీసేస్తే హాస్టలు కాగితాల మీద సంతకం పెడతానన్నాడు నాన్న. పెట్టాడు. ముందే చెబితే నువ్వు వద్దంటావని అమ్మ చెప్పలేదట. రేపు నన్ను దింపేసి ఒక్కతే తిరిగి రావాలంటే భయంగా ఉందంటోంది."

తోడక్క చేతిలోని చొక్కా పక్కన పెట్టింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మోకాలు రుద్దుకుంటూ, "బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"ఏడింటికి."

"వస్తానని చెప్పు."

హాస్టలు గదిలో ఆరు ఇనప మంచాలున్నాయి. బేకరీ ఆవిడ కూతురి బట్టలు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. చివరికి వార్డెనే నవ్వుతూ ఆ బట్టలు అందుకుని బీరువాలో పెట్టింది.

తిరుగు బస్సు సగం దారి వచ్చాక బేకరీ ఆవిడ అడిగింది.

"ముందే చెబితే నిజంగా వద్దనేదానివా అక్కా?"

"అనేదాన్ని."

"తప్పు చేశానా?"

తోడక్క కిటికీ వైపు నుంచి ఆమె వైపు తిరిగింది. "నాకూ తెలీదమ్మా. పిల్ల మటుకు ఇవాళ్టి నుంచి కంటినిండా నిద్రపోతుంది. మరి నీ సంగతి?"

"నాకింకా ధైర్యం చాలట్లేదక్కా."

"చాలినప్పుడు చెప్పు."

బేకరీ ఆవిడ ఆమె భుజమ్మీద తల వాల్చి నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా తోడక్క కదల్లేదు.

ఆ ధైర్యం చాలిందని బేకరీ ఆవిడ వచ్చి చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తోడక్క మిగతావాళ్లతో వెళ్తూనే ఉంది, కాకపోతే ఆదివారాలు మాత్రం కూతురికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు.