తనంతట తానే దూకిన హైడ్రోజన్

పేకాటలో పొలం పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. ఒక్క హైడ్రోజన్ పరమాణువును నమ్ముకుని పరువూ, పీహెచ్‌డీ సీటూ ఒకే మధ్యాహ్నం పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే. నవ్వడానికి మొహమాటపడకండి. నా వంతు నేను నవ్వేశాను, కాస్త ఆలస్యంగా.

అప్పటికి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ముగించాను. ముగించాను అనేకంటే, కాలేజీ ల్యాబు నన్ను వదిలించుకుంది అనడం న్యాయం. నా చేతికి వచ్చిన గాజు ఫ్లాస్కు గుళ్లోకి వచ్చిన కొబ్బరికాయతో సమానం. అందుకే కంప్యూటర్ మీద కెమిస్ట్రీ చేసే పీహెచ్‌డీ సీట్లు ఉంటాయని తెలియగానే ప్రాణం లేచివచ్చింది. అణువును తెర మీద గీయాలి. అందులోని ఎలక్ట్రాన్ల లెక్కలు కంప్యూటర్‌తో వేయించాలి. ఆ అణువు ఏ ఆకారంలో హాయిగా కుదురుకుంటుందో, ఎక్కడ విరుగుతుందో అదే చెబుతుంది. పగలడానికి గాజే లేదు. ఈ శాస్త్రాన్ని దేవుడు నాకోసమే పుట్టించాడనుకున్నాను.

బస్ డిపోలో మెకానిక్ అయిన మా బాపుకు మాత్రం అనుమానంగానే ఉండేది.

"కెమిస్ట్రీ అంటే కంపు రావాలె గదరా. నీ అంగీకి వాసనే లేదు. నిజంగనే సదువుతున్నవా?"

"ఇది కంప్యూటర్ల చేసే కెమిస్ట్రీ బాపు."

"మరి మందు తయారైతే ఏడికెల్లి బయటికొస్తది? ప్రింటర్లకెల్లా?"

వేరే ఊళ్లో ఒక పరిశోధన సంస్థలో ఒకే ఒక్క సీటు ఉంది. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో. సొంతంగా చేసిన చిన్న లెక్క ఏదైనా చూపించమన్నారు. బాపు తేల్చి చెప్పాడు: "గీ ఒక్కపారి సూస్త. రాకపోతే జీడిమెట్ల మందుల కంపెనీల షిఫ్టుకు వోవుడే. మాట్లాడి పెట్టిన." షిఫ్టు అంటే మళ్లీ ఫ్లాస్కులు. నాకూ గండమే, వాటికీ గండమే.

ఉప్పుగూడలోని మా ఇంట్లో కంప్యూటర్ లేదు. పక్కనే జహనుమాలో ఉన్న సలీం భాయ్ నెట్ సెంటర్‌కు వెళ్లాను. అప్లికేషన్లు నింపేవాళ్లూ గేములాడేవాళ్లూ కలిసి అక్కడ ఎప్పుడూ సందడే.

"ఎంతసేపు కావాలె భాయ్?"

"ఆపకుండ కొన్ని దినాలు నడవాలె."

"దినాలా? ఏం లెక్క భాయ్ అది, నిజాం ఖజానాదా?"

అన్నాడే గానీ, మూలనున్న కంప్యూటర్ నాకు వదిలేశాడు. "ముట్టుకోవద్దు" అని తెలుగులో, ఉర్దూలో అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. తనకున్న ఒక్క టేబుల్ ఫ్యానునూ దాని వైపు తిప్పి, తాను చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ ఫ్యాను చప్పుడు ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

పాఠకులారా, నా మీద జాలిపడటం ఇక్కడితో ఆపేయండి. నేను అణువును గీసి నడపబోతే ప్రోగ్రాం మొరాయించింది. "నువ్విచ్చిన ఎలక్ట్రాన్లు జంటలుగా కుదరడం లేదు, ఒకటి ఒంటరిగా మిగిలిపోతోంది" అని దాని ఫిర్యాదు. బుద్ధున్నవాడు తన బొమ్మను మళ్లీ చూసుకుంటాడు. నేను "ఒంటరి ఎలక్ట్రాన్ లేదు" అని ప్రోగ్రాంకు చెప్పే అంకె 1 తీసేసి, "ఒకటి ఉంది" అని చెప్పే 2 పెట్టాను. జాతకాలు కుదరలేదన్న పంతులుకు తాంబూలం బరువు పెంచి కుదిర్చినట్టు. ప్రోగ్రాం నోరు మూసుకుని పనిలో పడింది.

లెక్క ముగిశాక ఫలితాన్ని సినిమాలా తిప్పి చూశాను. అణువు కాస్త వణికింది. దాంట్లోంచి ఒక హైడ్రోజన్ ఊడి, ఎవరో పిలిచినట్టు దూరంగా నడిచి వెళ్లిపోయింది. సలీం భాయ్ నా భుజం మీదుగా చూశాడు.

"ఎవ్వలు నూకిన్రు దాన్ని?"

"ఎవ్వలు నూకలె భాయ్."

"గరం చేసినవా?"

"లేదు."

"ఖుద్ బ ఖుద్? తనంతట తనే వోయిందా?"

"తనంతట తనే."

సలీం భాయ్ కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఇది చిన్న ముచ్చట కాదు భాయ్" అని అందరికీ చాయ్ తెప్పించాడు. నేను అప్పుడే గాల్లో తేలుతున్నాను. సీటు లేదు, గైడు లేడు, సిద్ధాంతానికి మాత్రం మా ఇంటిపేరు.

బాపు మర్నాడే డిపో అంతా చాటి వచ్చాడు. "గా హైడ్రోజన్‌తోని బస్సు నడుస్తదా అని మేనేజర్ అడుగుతుండురా."

"నడవొచ్చు బాపు" అన్నాను. ఆ "నడవొచ్చు"కు యముడి దగ్గర వేరే పద్దు ఉండి ఉంటుంది.

ఇంటర్వ్యూ రోజు నెట్ నాకొక్కడికే అందాలని సలీం భాయ్ గేములన్నీ ఆపించి, షట్టర్ సగం దించాడు. బాపు ఇస్త్రీ చేసిన యూనిఫాంలో వచ్చి, కెమెరాకు కనబడకుండా సలీం భాయ్ పక్కన నిలబడ్డాడు. తెర మీద నెరిసిన జుట్టు, కళ్లజోడు ఉన్న మేడం. నా ఇంగ్లిష్ తడబడటం చూసి, "తెలుగులోనే చెప్పండి, పర్వాలేదు" అన్నారు కోస్తా యాసలో.

నా సినిమా వేశాను. ఆమె చివరిదాకా చూశారు.

"ఇంకోసారి వేస్తారా?"

వెనక నుంచి బాపు గుసగుస, కాల్‌లో వినబడేంత: "మల్ల సూస్తనంటున్నది. నచ్చింది."

"మొదట్లోనే ఆపండి. ఇప్పుడు అణువును వెనక్కి తిప్పి, ఆ కార్బన్‌కి ఎన్ని బంధాలున్నాయో లెక్కపెట్టండి."

బడి మరిచిపోయినవాళ్ల కోసం చెబుతున్నాను: కార్బన్‌కు నాలుగు చేతులు. అంతకు మించి ఉండవు. లెక్కపెట్టాను. రింగులో రెండు, పైన ఒకటి, పక్కన ఒకటి. తిప్పాను. వెనకాల, ముందు నుంచి కనబడకుండా, నేను గీసేటప్పుడు పొరపాటున అదనంగా నొక్కేసిన హైడ్రోజన్ ఒకటి నన్నే చూస్తోంది.

"ఎన్ని?"

"ఐదండీ."

"ఎన్ని ఉండాలి?"

"నాలుగండీ."

బాపు ఇక ఆగలేకపోయాడు. "నాలుగుండాల్నంటే మావోడు ఐదు పెట్టిండు మేడం. ఏం తక్కువ చెయ్యలె."

మేడం మైకు ఆపేశారు. కాసేపు ఆమె భుజాలు మాత్రం ఊగాయి. మళ్లీ మైకు వేసేసరికి మొహం మామూలుగా ఉంది.

"చోటు లేనిచోట ఇరికించారు, పారిపోయింది. తోసింది మీరే. అది సరే, ఎలక్ట్రాన్లు కుదరడం లేదని ప్రోగ్రాం ముందే చెప్పి ఉండాలే?"

"చెప్పిందండీ."

"మీరేం చేశారు?"

అబద్ధానికి చోటుంది, ధైర్యం లేదు. "అంకె మార్చి నోరు మూయించానండీ."

"ఐదో చెయ్యి ఎవరి బొమ్మలోనైనా వస్తుంది, నా విద్యార్థులకూ వచ్చింది. వద్దన్నదాని నోరు మూయించడమే తప్పు. ఈ ఏడాది మీకు సీటు ఇవ్వలేను బాబూ."

సలీం భాయ్ షట్టర్ ఎత్తాడు. "ఫికర్ చెయ్యకు భాయ్" అని అట్టముక్క తీసి పక్కన పెట్టాడు. నాకోసం ఎందరు గిరాకీలను వెనక్కి పంపాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగకపోవడం ఐదో చేతికంటే పెద్ద తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అడుగుదామంటే ఆయన లేడు.

బాపు స్కూటర్ మీద ఇంటికి బయల్దేరాం. వెనక కూర్చుని, చెమటకు తడిసిన ఆ ఇస్త్రీ చొక్కానే చూస్తున్నాను. ఉప్పుగూడ రైల్వే గేటు పడింది.

"డిపోల ఏం జెప్పాలెరా?"

"తప్పైందని చెప్పు బాపు."

రైలు పోయేదాకా ఆలోచించాడు. "గట్లెట్ల జెప్తరా. రిపేర్ల ఉన్నది, పార్టు రావాలె అని జెప్త."

జీడిమెట్లలో ఏడాది షిఫ్టు చేశాను. ఎన్ని ఫ్లాస్కులు అమరులయ్యాయో అడగకండి. మరుసటి ఏడు ఇంకోచోట సీటు దొరికింది. బాపు రిటైరయ్యాడు. డిపో స్నేహితులు ఎదురైతే మాత్రం ఇప్పటికీ నన్ను ఆపి అడుగుతారు: "ఏంది బేటా, పార్టు వచ్చిందా?"

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది ఎదుట ప్రమాణం చేస్తున్నాను. వద్దు అని చెప్పిన ప్రోగ్రాం నోరు గానీ, మనిషి నోరు గానీ ఇకమీదట మూయించను. ఏ అణువునైనా వెనక్కి తిప్పి చూడనిదే నమ్మను. ఇది నా రెండు చేతులూ ఎత్తి చేస్తున్న ప్రమాణం. ఎత్తేముందు లెక్కపెట్టుకున్నాను, రెండే ఉన్నాయి.