మూల నుంచి మూలకు

నా చిన్నప్పుడు నల్లగండ్లలో మాకున్నది ఒక్కటే పొలం. మాదాపూర్ దిక్కు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, మనవైపూ రోడ్డు పడుతుందట అని ఊరంతా అదే మాట. అది విన్నాక మా నాయన, పెద్దనాయన ఆ పొలాన్ని పంచుకుందామనుకున్నారు. నేను బర్రెల వెంట తిరిగేదాన్ని, బడి ముఖం చూడలేదు. నాకు అక్షరాలు వచ్చింది పిల్లలు పుట్టాకే.

పెద్దనాయన వాటా చక్కగా పెట్టెలా ఉంది. మా వాటా బండను ఆనుకుని ఒక పక్కకు ఒరిగి ఉంది. నాయన అనుమానపడితే పెద్దనాయన టేపు పట్టించాడు. నాలుగు వైపులా ఆ వాటాకు ఎంతో మా వాటాకూ అంతే వచ్చింది. మా ఊళ్లో భూమి కొలవడమంటే నాలుగు గట్లు కొలవడమే. సరిపోతే ఇంకో మాట ఉండదు.

"చూసినవారా తమ్మీ, ఇగ ఫికర్ లేదు" అన్నాడు పెద్దనాయన.

మర్నాడు పెద్దమనుషుల ముందు నాయన వేలిముద్ర వెయ్యాలి. వేస్తే అయిపోయినట్టే. అమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు. "కండ్లకు చిన్నగ కనపడుతుంటే టేపు సమానమంటదేంది" అని ఒకటే గొణుగుడు.

మా పక్కింట్లో ఆంధ్రా వాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. ఆ ఇంటి అక్క పదో తరగతి. లెక్కలు చేసుకుంటుంటే వెళ్లి అమ్మ బాధ చెప్పాను. నాకు కాగితం మీద గీసి చూపినా ఎక్కదని ఆమెకు తెలుసు. పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె తెచ్చి, పుల్లలున్న అర బయటికి లాగి, ఖాళీ పైపెట్టె నా చేతికిచ్చింది.

"పక్కకి ఒంచవే" అంది.

ఒంచాను. ఇంకా ఒంచితే అట్టలా అణిగిపోయింది.

"గోడలేమైనా అరిగాయా?"

"లేదక్కా."

"మరి ఆ అర లోపల పెట్టు, చూద్దాం."

పట్టలేదు. "గట్లు కొలిస్తే చాలదే. మూల నుంచి ఎదురు మూలకి కొలవాలి. రెండు కొలతలూ సమానంగా వస్తేనే ఒరగనట్టు. మీ నాన్నగారికి చెప్పు" అంది.

నాయన ఆ పెట్టెను నిలబెడుతూ, అణుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు అందరి ముందూ తల దించుకునే అడిగాడు. "అన్నా, జర మూల నుంచి మూలకు గూడ కొలుద్దాం."

పెద్దనాయన వాటాలో రెండు కొలతలూ సమానంగా వచ్చాయి. మా వాటాలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పెద్దమనుషులు మధ్య గట్టు రాళ్లు పెద్దనాయన వైపుకు జరిపించారు. మా భూమి మాకు దక్కింది.

పెద్దనాయన మోసం చెయ్యలేదు. ఆయనకూ తెలియదు, అంతే. నాయన కూడా అదే అనేవాడు, కానీ ఇంట్లో అనేవాడు, ఆయనతో కాదు. "నా తమ్ముడు నన్ను గూడ కొలిచిండు" అని పెద్దనాయన కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. నాయన పోయిన రోజు వచ్చాడు గానీ వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయాడు.

లెక్క అడగడం తప్పు కాదు. ఇవాళ్టికీ ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా మూల నుంచి మూలకు కొలిచారా అని అడుగుతాను. ఎదుటివాళ్ల ముఖం మాడుతుంది. మాడనీ, అడుగుతాను. అడిగిన మర్నాడు మాత్రం పిలవకపోయినా వాళ్లింటికి వెళ్లి కూర్చుని చాయ్ తాగి వస్తాను. మా నాయన ఆ ఒక్క పనీ చెయ్యలేదు.